ల్యాబ్‌లో ఫోన్ ఉండనివ్వాలా? బీఫార్మసీ క్లాసుకు వాట్సాప్ గ్రూపు, యూట్యూబ్ పాఠాలపై సలహాలు కావాలి

ఫార్మాస్యూటిక్స్_మేడమ్, హనుమకొండ

అందరికీ నమస్కారం. హనుమకొండ దగ్గర ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఈ సెమిస్టర్ ఫస్టియర్ ఫార్మాస్యూటిక్స్ (మందులు తయారు చేయడం నేర్పే సబ్జెక్టు) ల్యాబ్ నాదే. ఒక నిర్ణయం తీసుకునే ముందు ఇక్కడున్న విద్యార్థులు, మెడికల్ షాపుల వాళ్లు, కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఏమంటారో వినాలని రాస్తున్నాను.

మొన్న లిక్విడ్ పారఫిన్ ఎమల్షన్ (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపిన మందు) చేయించాను. బ్యాచ్‌లో చాలామంది నూనె నాలుగు పాళ్లు, నీళ్లు రెండు, గమ్ ఒకటి అని రాసుకుని వచ్చారు. ఎక్కడిదమ్మా ఈ లెక్క అని అడిగితే అందరూ చూపించింది ఒకే వీడియో. 4:2:1 అనేది ఆముదం, బాదం నూనె లాంటి ఫిక్స్‌డ్ ఆయిల్స్‌కి. లిక్విడ్ పారఫిన్ మినరల్ ఆయిల్, దానికి 3:2:1. టర్పెంటైన్ లాంటి ఆవిరయ్యే నూనెలకైతే 2:2:1. వీడియో చేసినాయన తప్పేమీ చెప్పలేదు, తను తీసుకున్న నూనెకు సరైన లెక్కే చెప్పారు. చూసినవాళ్లే నూనె ఏదని చూడకుండా అంకెలు రాసుకున్నారు.

కాలేజీలో రెండు మాటలు వినిపిస్తున్నాయి. ఫోన్లు గేటు దగ్గరే తీసుకోవాలని కొందరు. ఎలాగూ రాత్రంతా అందులోనే చదువుతారు, మనమే ఒక గ్రూపు పెట్టి మంచి వీడియోలు పంపుదామని ఇంకొందరు. ఫార్మసీ కౌన్సిల్ నిబంధన ప్రకారం 80 శాతం హాజరు కావాలి కాబట్టి పిల్లలు క్లాసుకు వస్తున్నారు. కానీ అసలు చదువు హాస్టల్‌కి వెళ్లాక ఫోన్‌లో జరుగుతోందని నా అనుమానం. మీరైతే ఏం చేస్తారు?

ఏటూరునాగారం_బిడ్డ, బీఫార్మసీ థర్డియర్

మేడమ్, దయచేసి ఫోన్ పూర్తిగా ఆపేయకండి. నేను ఇంటర్ వరకు తెలుగు మీడియం. ఫస్ట్ సెమిస్టర్‌లో అనాటమీ క్లాసులో కూర్చుంటే సార్ ఇంగ్లిష్‌లో చెప్పింది నాకు బోర్డు మీది బొమ్మ వరకే అర్థమయ్యేది. ఫార్మకాలజీలో ఆల్ఫా, బీటా రిసెప్టర్లు (ఒంట్లో మందు వెళ్లి అతుక్కునే చోట్లు) వచ్చినప్పుడైతే ఏడుపొచ్చేది. ఏ మందు ఏ రిసెప్టర్ మీద పనిచేస్తుందో, బీపీ ఎందుకు పెరుగుతుందో, గుండె ఎందుకు నెమ్మదిస్తుందో తెలుగులో చెప్పిన వీడియోలు చూశాకే క్లాసు నోట్సు తలకెక్కింది. వీడియోని ఆపి మళ్లీ వినొచ్చు. క్లాసులో సార్‌ని ఆపి అంతమంది ముందు "మళ్లీ చెప్పండి" అనడానికి నాలాంటి వాళ్లకు ధైర్యం చాలదు.

ఇంకోమాట. మా ఊళ్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు. సెలవులకు ఇంటికి పోయేముందు హాస్టల్‌లోనే వీడియోలు డౌన్‌లోడ్ చేసుకుంటాను. మీరు గ్రూపులో రాత్రి పంపి, పొద్దున క్లాసులో టెస్ట్ పెడితే నాలాంటి వాళ్లకు అన్యాయం అవుతుంది. ముందే పంపండి. పీడీఎఫ్ కూడా ఇవ్వండి, అది తక్కువ డేటాతో దిగుతుంది.

క్యూసీ_అన్న, ఊరు జమ్మికుంట, ఉద్యోగం హైదరాబాద్

ల్యాబ్‌లోకి ఫోన్ వద్దు. ఇది నా గట్టి అభిప్రాయం.

మా క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఫోన్ లోపలికి రానివ్వరు. తూకం వేసిన క్షణంలోనే ఆ తూకం రాయాలి, రాసినవాళ్లే సంతకం పెట్టాలి, కొట్టేస్తే ఒక గీతే గీసి, కింద ఉన్న అంకె కనిపించేలా తేదీ, కారణం రాయాలి. డేటా ఇంటిగ్రిటీ అంటే ఇదే. ఇప్పుడు ఫ్రెషర్స్ ఎలా వస్తున్నారో చూడండి. టెలిగ్రామ్‌లో "రికార్డు పీడీఎఫ్" అని తిరుగుతుంది. అందులో బ్యూరెట్ రీడింగులతో సహా అన్నీ ఉంటాయి. టైట్రేషన్ (బ్యూరెట్‌తో చుక్క చుక్కగా వదిలి కొలిచే పరీక్ష) చేయకముందే రికార్డు నిండుతుంది. కాలేజీలో దానికి మార్కులు వస్తాయి. అదే పని కంపెనీలో చేస్తే ఉద్యోగం పోతుంది, తనిఖీకి వచ్చినవాళ్లు పట్టుకుంటే మొత్తం ప్లాంటుకే ముప్పు.

హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) సిద్ధాంతం గడగడా చెప్తారు. మొబైల్ ఫేజ్ (అందులో పారే ద్రావకం) ఎందుకు ఫిల్టర్ చేయాలి, గాలి బుడగలు ఎందుకు తీయాలి అంటే కూడా చెప్తారు. పిపెట్ చేతికిస్తే మాత్రం మెనిస్కస్‌ను (ద్రవం పైన వంపు తిరిగిన అంచును) కంటికి సమానంగా పట్టుకోరు. టైట్రేషన్ ఎక్కడ ఆపాలో రంగుతో చెప్పే ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగు దగ్గర ఆపడం రాదు, ముదురు రంగు వచ్చేదాకా వదులుతారు. చేతికి రావాల్సిన విద్య ఇది. ఎన్ని వీడియోలు చూసినా ఆ ఆఖరి చుక్క దగ్గర వేలు ఆగదు.

పరకాల_ఫార్మసిస్ట్

మేడమ్ గారూ, నేను కౌంటర్ ఇవతలి నుంచి చెప్తాను.

మా షాపుకు వచ్చేవాళ్లలో ఫోన్ తెరిచి చూపించేవాళ్లు రోజురోజుకూ ఎక్కువవుతున్నారు. ఎవరో రీల్‌లో చూపించిన క్రీమ్ స్క్రీన్‌షాట్. ముఖం తెల్లగా అవుతుందట. తీరా చూస్తే అందులో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపి ఉంటాయి. వారం రోజులు రాస్తే నిజంగానే మెరుస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎండకు మండుతుంది, మొటిమలు లేస్తాయి, ఆపితే ముఖమంతా ఎర్రబడుతుంది. ఈ రకం స్టెరాయిడ్ క్రీములు 14 రకాలను 2018లో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. "లేదమ్మా, ఇవ్వను" అంటే పక్క షాపుకు పోతుంది. ఎందుకు ఇవ్వనో రెండు నిమిషాల్లో ఆమెకు అర్థమయ్యేట్టు, నొప్పించకుండా చెప్తే ఆగుతుంది. ఆ రెండు నిమిషాల మాట చెప్పగల పిల్లలు కావాలి నాకు. కాలేజీలో అది ఎవరు నేర్పుతున్నారు?

డీఫార్మసీ పిల్లలు ప్రాక్టికల్ ట్రైనింగ్‌కి వస్తారు. 500 గంటలు చేయాలి, అందులో కనీసం 250 గంటలు చీటీలు చూసి మందులివ్వడంలోనే గడపాలి. చాలామంది సంతకం కోసం వస్తారు. నేను ఇవ్వను. నిలబడి నేర్చుకోమంటాను. మెథోట్రెక్సేట్ చీటీ వచ్చిందనుకోండి, కీళ్లవాతానికి అది వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఏ రోజు వేసుకోవాలో కవరు మీద రాసి, వాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకోమంటాను. అవతలి మనిషి తలూపాడా, నిజంగా అర్థమైందా అనేది ముఖం చూస్తేనే తెలుస్తుంది.

అలాగని ఫోన్ పనికిరాదని అనను. ఇన్‌హేలర్ ఎలా వాడాలో నేను ఖాళీ ఇన్‌హేలర్‌తో చేసి చూపిస్తాను. బాగా ఊపి, ఊపిరి బయటికి వదిలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది సెకన్లు బిగపట్టాలి. ఇంటికి పోయాక పెద్దవాళ్లు మరిచిపోతారు. అందుకే ఆ మనవడి ఫోన్‌లోనే నేను చేసి చూపిస్తున్నది వీడియో తీసుకోమంటాను. మళ్లీ వచ్చినప్పుడు చేయమంటే మంచిగా చేస్తున్నారు.

నర్సంపేట_నాన్న

మా పాప సెకండియర్. రాత్రి ఒంటిగంట వరకు ఫోన్ పట్టుకునే ఉంటుంది. అడిగితే "చదువుతున్న నాన్నా" అంటుంది. నిజంగా చదువుతుందో లేదో నాకెట్ల తెలియాలి? నేను చదివింది పదో తరగతి. కోపంగా అడగట్లేదు, తెలుసుకుందామని అడుగుతున్న.

ఏటూరునాగారం_బిడ్డ

అంకుల్, పాపను మరుసటి రోజు పొద్దున అడగండి. రాత్రి ఏం చదివావు, నాకు అర్థమయ్యేట్టు చెప్పు అనండి. ఇంట్లో ఎవరో ఒకరు వేసుకునే మందు గురించే అడగండి, బీపీ మాత్ర అయినా, షుగర్ మాత్ర అయినా. చదివితే చెప్పగలుగుతుంది, మీకు చెప్తుంటే తనకూ గుర్తుంటుంది. మా అమ్మకు నేను అట్లనే చెప్తాను.

జీప్యాట్_2వసారి, కరీంనగర్

క్యూసీ అన్న రికార్డు పీడీఎఫ్ గురించి చెప్పింది నిజం. దానికి తోడు ఇంకొకటి ఉంది. టెలిగ్రామ్‌లో జీప్యాట్ (ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష) మెటీరియల్ అని తిరిగేవాటిలో చాలావరకు పాతవి. పరీక్ష 2019 నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ) పెట్టింది, 2024 నుంచి వైద్య పరీక్షల బోర్డు ఎన్‌బీఈఎంఎస్ పెడుతోంది. కొన్ని ఛానెళ్లలో ఇంకా ఎన్‌టీఏ నోటిఫికేషన్లే పిన్ చేసి ఉన్నాయి. 125 ప్రశ్నలు, 500 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఒక క్విజ్ ఛానెల్‌లో తప్పు కీ చూసి దాన్నే కంఠస్థం చేస్తే ఆ మార్కు ఎటు పోతుందో మీకే తెలుసు. నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ మీద ఆశతో చదివేవాళ్లం, మాకు ఒక్క ప్రశ్న కూడా చిన్నది కాదు.

నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఒకటే. క్విజ్ ఫోన్‌లో రాస్తాను, జవాబు మాత్రం పుస్తకంలో వెతికి పేజీ నంబర్ రాసుకుంటాను. పేజీ దొరకని జవాబును నమ్మను. కష్టంగా ఉంటుంది, నెమ్మదిగా సాగుతుంది. కానీ ఒక ప్రశ్నకు వెతుకుతుంటే చుట్టుపక్కల నాలుగు విషయాలు కంటపడతాయి.

ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు ఎవరైనా చేశారా? ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితంగానే వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. మార్కుల్లో 25 శాతం వారం వారం అసైన్‌మెంట్లకు, 75 శాతం సెంటర్‌కు పోయి రాసే పరీక్షకు.

రిటైర్డ్_ఫార్మకాలజీ, వరంగల్

ఎన్‌పీటీఈఎల్ సంగతి పిల్లలెవరైనా చెప్తారు. నేను ల్యాబ్ గురించి రాస్తాను.

క్యూసీలో పనిచేసే తమ్ముడు చెప్పింది ఫార్మాస్యూటిక్స్‌కు, అనాలిసిస్‌కు నూటికి నూరుపాళ్లు సరి. ఫార్మకాలజీకి మాత్రం లెక్క వేరు. ఇప్పుడున్న బీఫార్మసీ సిలబస్‌లోనే, నాలుగో సెమిస్టర్ ఫార్మకాలజీ ప్రాక్టికల్స్ కింద, జంతు ప్రయోగాలన్నీ సాఫ్ట్‌వేర్లతో, వీడియోలతో చూపించాలని స్పష్టంగా రాసి ఉంది. కుందేలు కంటి మీద మందుల ప్రభావం, కప్ప అన్నవాహికలో సీలియా (సన్న వెంట్రుకల్లాంటివి) కదలిక, ఇవన్నీ ఇప్పుడు కంప్యూటర్ మీదే. ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్లు దీనికోసమే వచ్చాయి. మా రోజుల్లో ఒక కుందేలు చుట్టూ బ్యాచ్ మొత్తం మూగేది, వెనక నిలబడ్డవాళ్లకు ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు ప్రతి విద్యార్థీ తనంతట తాను అట్రోపిన్ చుక్క వేసి, కంటిపాప పెద్దదవడం చూసి, మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు. ఏ జీవికీ బాధ లేదు. ఇది నిజమైన మేలు, దీన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను.

కానీ టీచర్ దగ్గర ఉండి ఒక సంగతి చెప్పి తీరాలి. కంప్యూటర్‌లో గ్రాఫ్ ప్రతిసారీ అందంగా వస్తుంది. నిజమైన కణజాలం అలసిపోతుంది, ఒకటి బాగా స్పందిస్తే ఇంకొకటి స్పందించదు. మనుషులూ అంతే. ఒకే మందు, ఒకే డోసు, పక్కపక్క మంచాల మీద ఇద్దరికి రెండు రకాలుగా పనిచేస్తుంది. సిమ్యులేషన్ చూపించిన రోజే ఈ మాట చెప్పకపోతే పిల్లలు మందు అంటే మీట నొక్కితే వచ్చే ఫలితమని అనుకుంటారు.

ఎమల్షన్ గురించి మేడమ్‌కు ఒక మాట. ప్రైమరీ ఎమల్షన్ (మొదట నూనె, నీళ్లు, గమ్ కలిపి నూరేది) కుదిరినప్పుడు ఖల్వంలో టపటపమని ఒక చప్పుడు వస్తుంది చూడండి, తెల్లగా చిక్కబడుతూ. ఆ చప్పుడు వీడియోలో కూడా వినిపిస్తుంది. రోకలి కింద బరువు మారడం మాత్రం చేతికే తెలుస్తుంది. ముందు చేయించండి, తర్వాత వీడియో చూపించండి. వరస మార్చి చూడండి.

ఫార్మ్‌డీ_ఇంటర్న్

నేను ఒక విషయం బాధతో రాస్తున్నాను. కేస్ ప్రెజెంటేషన్ కోసం కేస్‌షీట్ ఫోటో తీసి గ్రూపులో పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. పేషెంట్ పేరు, ఊరు, ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్), ఒక్కోసారి హెచ్‌ఐవీ రిపోర్టు కూడా కనిపిస్తుంది. మా వైపు ఊళ్లన్నీ ఒకరికొకరు తెలిసినవే. భూపాలపల్లి పక్క ఊరి మనిషి రిపోర్టు గ్రూపులో పడితే, ఆ గ్రూపులో వాళ్ల ఊరి పిల్ల ఉండొచ్చు. ఆ కుటుంబం తలెత్తుకోగలదా? మేడమ్, మీ గ్రూపులో మొదటి రూల్ ఇదే పెట్టండి: రోగికి సంబంధించిన ఏ కాగితమూ ఫోటో తీయకూడదు.

సోప్ నోట్ (రోగి పరిస్థితి, చికిత్స వరసగా రాసే పద్ధతి) రాయడానికి పేరు అక్కర్లేదు. వయసు, మగ ఆడ, లక్షణాలు, ల్యాబ్ విలువలు, మందులు చాలు. ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వాళ్లు మందుల దుష్ప్రభావం రిపోర్టు చేయడానికి ఇచ్చే ఫారంలోనే రోగి పేరు అడగరు, ఇనీషియల్స్ చాలు అంటారు. దేశం మొత్తానికి నడిచే వ్యవస్థకే పేరు అవసరం లేనప్పుడు మన వాట్సాప్ గ్రూపుకు ఎందుకు?

ఆ కార్యక్రమం 2010లో మొదలైంది, కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024, యాప్ కూడా ఉంది. ఫోన్‌తో చేయగల మంచిపని ఇది. పరకాల అన్న దగ్గరకు క్రీమ్ రాసి ముఖం పాడైన అమ్మాయి వస్తే, కౌంటర్ దగ్గరి నుంచే రిపోర్టు చేయొచ్చు. డాక్టర్లే చేయాలని లేదు, ఫార్మసిస్టులు చేయొచ్చు, రోగులూ చేయొచ్చు.

పరకాల_ఫార్మసిస్ట్

రోగులు కూడా చేయొచ్చన్నది మా ఏరియాలో ఎవరికీ తెలియదు తల్లీ. ఆ నంబర్ రేపే కౌంటర్ మీద రాసి అంటిస్తాను.

జ్యూరిస్ప్రుడెన్స్_సార్, కరీంనగర్ వైపు

ఇప్పటిదాకా ఫోన్ ఉండాలా వద్దా అనే మాట్లాడుకున్నాం. సోషల్ మీడియానే పాఠం చేయొచ్చు కదా, నేను చేస్తున్నాను.

అయిదో సెమిస్టర్‌లో జ్యూరిస్ప్రుడెన్స్ (మందుల చట్టాల పాఠం) ఉంటుంది. మందుల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 అని బోర్డు మీద రాస్తే పిల్లలు నిద్రపోతారు. అందుకే ఒక పని ఇచ్చాను. మీ ఫోన్‌లో, మీ ఇంట్లోవాళ్ల ఫోన్‌లో వచ్చిన మందుల ప్రకటనలు తీసుకురండి. షుగర్ పూర్తిగా తగ్గిస్తాం, లావు కరిగిస్తాం, ఎత్తు పెంచుతాం, ఇలా కుప్పలు కుప్పలుగా తెచ్చారు. తర్వాత ఒక్కొక్కటి చట్టం పక్కన పెట్టి చదివాం. ఆ చట్టం షెడ్యూల్‌లో డయాబెటిస్ ఉంది, ఊబకాయం ఉంది, ఎత్తు కూడా ఉంది. వాటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. 1945 డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె (ఏవేవి నయం చేస్తామని మందు చెప్పుకోకూడదో ఆ జాబితా) తెరిస్తే, జుట్టు రంగు మారడం, బట్టతల, చర్మం తెల్లబడటం దగ్గర నుంచి అన్నీ కనిపిస్తాయి. డెబ్బై ఏళ్ల కిందటి చట్టం తమ చేతిలోని ఫోన్‌కు వర్తిస్తోందని చూసినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి.

ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ ఇన్సులిన్ మానేసి పొడి తెప్పించుకుందామనుకుంటే ఆపింది. ఆ సంగతి క్లాసులో చెప్పినప్పుడు నా ఉద్యోగం మీద నాకే గౌరవం పెరిగింది.

క్యూసీ_అన్న

సార్, ఇది మంచి పని. థియరీ క్లాసులో ఫోన్ వాడటానికి నాకేం అభ్యంతరం లేదు. నా మాటంతా ల్యాబ్ గురించే.

ఏటూరునాగారం_బిడ్డ

ల్యాబ్‌లో ఫోన్ లేకపోయినా సరే అన్నా, ఒప్పుకుంటా. కానీ అప్పుడు ల్యాబ్‌లో పుస్తకం ఉండాలి. మా దగ్గర మందుల ప్రమాణాల పుస్తకం ఇండియన్ ఫార్మకోపియా బీరువాలో తాళం వేసి ఉంటుంది. డిసింటిగ్రేషన్ టైమ్ (మాత్ర నీళ్లలో విడిపోవడానికి పట్టే సమయం) పూతలేని మాత్రకు 15 నిమిషాలా, ఫిల్మ్ కోటింగ్ ఉంటే 30 నిమిషాలా అని చూసుకోవాలంటే తాళం చెవి అడగాలి. అందుకే ఫోన్ తీస్తాం.

మేడమ్‌కు ఇంకో విన్నపం, ఇది అమ్మాయిల తరఫున. వాట్సాప్ గ్రూపు పెడితే మా నంబర్లు క్లాసులో అందరికీ కనిపిస్తాయి. అక్కడి నుంచి ఎవరెవరికో పోతాయి, తెలియని వాళ్ల నుంచి మెసేజ్‌లు వస్తాయి. ఛానెల్ అయితే మా నంబర్లు పక్కవాళ్లకు కనిపించవు. డౌట్లు అడగడానికి గూగుల్ క్లాస్‌రూమ్ పెట్టండి.

ఫార్మాస్యూటిక్స్_మేడమ్

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. నంబర్ల సంగతి నాకు తట్టనే లేదు తల్లీ, మంచిగా గుర్తుచేశావు. గ్రూపు పెట్టను, ఛానెల్ పెడతాను. శనివారమే పంపుతాను, వారం అంతా టైమ్ ఉంటుంది. వీడియోతో పాటు పీడీఎఫ్ తప్పకుండా.

ల్యాబ్‌లో ఫోన్లు బయటే. ఫార్మకోపియా సంపుటాలు టేబుల్ మీద తెరిచి పెట్టిస్తాను, తాళం చెవి బాధ్యత నేను తీసుకుంటాను. ఫార్మకాలజీ సార్ చెప్పినట్టు ముందు చేతితో ఎమల్షన్, తర్వాత వీడియో. వీడియో చూస్తున్నప్పుడు ఒకే ప్రశ్న అడుగుతాను: ఇందులో వాడిన నూనె ఏది, మనం వాడింది ఏది, లెక్క ఎందుకు మారింది? జీప్యాట్ తమ్ముడి పేజీ నంబర్ పద్ధతిని రికార్డులో పెడుతున్నాను. ప్రతి ప్రయోగం కింద తాము చూసిన పుస్తకం, పేజీ రాయాలి. రీడింగులు ల్యాబ్‌లోనే పెన్నుతో రాసి, అక్కడే నా సంతకం. టెలిగ్రామ్ పీడీఎఫ్‌కు అక్కడ చోటుండదు.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. పరకాల అన్న అడిగిన రెండు నిమిషాల మాట. అది మా బీఫార్మసీ సిలబస్‌లో విడిగా ఒక ప్రాక్టికల్‌గా లేదు. ఇద్దరిద్దరు విద్యార్థులను కూర్చోబెట్టి, ఒకరు కస్టమర్, ఒకరు ఫార్మసిస్ట్‌గా మాట్లాడించి, వీడియో తీసి మళ్లీ చూపిద్దామా అని ఆలోచిస్తున్నాను. ఆ ఫోన్ వాడకం తప్పు కాదనుకుంటా. కానీ నిజంగా షాపులో ఎదురయ్యే ప్రశ్నలు నాకు కావాలి.

పరకాల_ఫార్మసిస్ట్

ప్రశ్నలు నేనిస్తాను మేడమ్. షెడ్యూల్ హెచ్1 (చీటీతో పాటు రిజిస్టర్‌లో కూడా రాసి ఇవ్వాల్సిన మందుల జాబితా) యాంటీబయాటిక్ చీటీ లేకుండా అడిగేవాళ్లు, సగం స్ట్రిప్ చాలనేవాళ్లు, పక్కింటాయన చీటీ తెచ్చేవాళ్లు, జ్వరానికి రెండు రకాల పేర్లతో ఒకే పారాసెటమాల్ వేసుకుంటున్నవాళ్లు, అన్నీ రాసి పంపుతా. హెచ్1 రిజిస్టర్ ఎలా రాయాలో, మూడేళ్లు ఎందుకు దాచాలో కూడా చూపిస్తాను. పిల్లలను నలుగురు నలుగురు చొప్పున పంపండి. సంత రోజు వద్దు, మిగతా ఏ రోజైనా మధ్యాహ్నం రెండు దాటాక రద్దీ తక్కువగా ఉంటుంది.